రెండంగుళాల స్పాంజి

ఒంగోలు కర్నూలు రోడ్డులో
నా రేకుల కొట్టు నీడ మెట్టు దిగేలోపే
బండి చుట్టూ పదిమంది.
మాల్యాద్రి స్టాండేసి, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి
"దస్తగిరన్నా, సీటు సంగతి చూడు" అన్నాడు గానీ
సీటు దాకా ఎవడు రానిస్తాడు?

యల్లమందయ్య ఎడ్ల ప్రదర్శనల్లో మార్కులేసే మనిషి.
చేతికర్రతో ట్యాంకు తట్టబోయి, ఆగి,
ముందు నుంచి వెనక్కి ఓసారి నడిచి
వెనక నుంచి ముందుకి ఇంకోసారి నడిచి
"మూపురం దిట్టం" అన్నాడు.
రేడియేటరు కేసి చూసి "గంగడోలు అతికించినట్టుంది.
వెనక జబ్బలేంది, పాలు మాన్పించిన దూడవి?
ఎన్ని పళ్ళేసిందో చూసే పని లేదు, అదొకటే సుఖం."

ఏసోబు చీమకుర్తిలో రాయికి పాలిష్ పడతాడు.
వంగి ట్యాంకులో తన ముఖం వెతుక్కున్నాడు.
దొరకలేదు.
"ఇదేం నలుపన్నా!
రాయిని మెరిపించడానికి మేం మోచేతులరగదీసుకుంటే
వీళ్ళు మెరుపుని చంపి
దానికి ఎక్కువ రేటేశారు."

"హెడ్‌లైటు గుండ్రమేంది, తాతల నాటిది!"
పాలిటెక్నిక్ కుర్రాడు పెదవి విరిచాడు.
"గుండ్రంగా లేకపోతే అది బండా, మిక్సీనా?"
టీ గ్లాసులు తెచ్చిన బాజీ అడిగాడు.
దాని మీద కాసేపు.
గొట్టం పొట్టిదని కాసేపు.
హ్యాండిలు ఎవర్నో కావిలించుకోబోతున్నట్టుందని కాసేపు.

గోడవారన నా ఎక్సెల్ మోపెడ్.
పదహారేళ్ళు.
దాని అందం గురించి ఇంతవరకు
ఒక్కడూ ఒక్క మాట అనలేదు.
తిట్టను కూడా లేదు.

అప్పుడు షేర్ ఆటో ఆగింది.
కోటేశ్వరి దిగి, పది రూపాయలిచ్చి,
మొగుడి కొత్త బండి దగ్గరికి వచ్చి నిలబడింది.
"ఎట్టా ఉందమ్మా బండి?" యల్లమందయ్య.
"చూడ్డానికా?" అందామె.
కొంగు దోపుకుని వెనక ఒకపక్కగా ఎక్కింది.
జానెడు సీటు. అదీ తోక వైపు వాలు.
ఒక్క నిమిషం తన కుడిచేయి గాలిలో ఉంది,
చోటు వెతుక్కుంటూ.
"నన్ను పట్టుకో" అన్నాడు మాల్యాద్రి.
"గుంట వస్తే నువ్వు బండిని పట్టుకుంటావు.
నువ్వే ఊగుతుంటే నిన్నెట్టా పట్టుకునేది?"

గొట్టం గురించి, లైటు గురించి
ఇంకెవరూ మాట్లాడలేదు.
ఏసోబు గ్లాసు కింద పెట్టాడు.

మా తాత విల్లు మీటి దూది ఏకేవాడు.
పరుపు చూసి జనం మెచ్చుకోవాలని
ఆయనెప్పుడూ అనుకోలేదు.
పడుకున్నవాడు తెల్లారి నడుం పట్టుకోకపోతే చాలు.
నాకు దూది పోయి స్పాంజి వచ్చింది, అంతే.

సుద్దతో గీత గీశాను.
"రెండంగుళాలు లేపాలి, వాలు తియ్యాలి,
వెనక కమ్మీ, కింద చీర గార్డు."
"లైను పాడైపోద్దన్నా!" కుర్రాడి గొంతు జీరబోయింది.
మాల్యాద్రి రోడ్డు అవతలికి పోయి
ఒక కన్ను మూసి లైను చూసుకొచ్చాడు.
"అంగుళంన్నర?"
కోటేశ్వరి ఏమీ అనలేదు.
"రెండు" అన్నాను నేనే.

లైట్లు వేసే వేళకి కుట్టు అయింది.
కుర్రాడిది అబద్ధం కాదు, లైను పాడైంది.
పక్క నుంచి చూస్తే సీటు
ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంది.
సంతనూతలపాడు వైపు తిప్పాడు బండి.
ఆమె చేయి కమ్మీ మీద,
ఇంకో చేతిలో నేను ఊడదీసిన పాత కవరు,
కంపెనీ ముద్రతో సహా.
పారేద్దామంటే వద్దంది,
పీట మీదికి పనికొస్తుందట.