మోచేతి కొలత

స్కాగీ తీరంలో దూలానికి సరిపడా చెట్టు మొలవదు.
సముద్రమే ఎక్కడో ఊడబెరికి తెస్తుంది,
ఉప్పు తిన్న దుంగని, బెరడు లేకుండా.
హాల్బెరా గోటితో గీకి వాసన చూస్తుంది.
"లార్చ్. ఇంకో అరవై చలికాలాలు."

గోడకి మాత్రం చిత్తడి నేలనే అడగాలి.
పార ఏటవాలుగా దిగాలి.
వేళ్ళు తెగాలి, గడ్డివి, నావి కాదు,
తెగినా ఒకదాన్నొకటి వదలకూడదు.
మొదటిరోజు నేను కోసిన పెళ్ళలన్నీ
నానిన రొట్టెల్లా చేతిలోనే విరిగాయి.
"అది ఇసక నేల. ఇటు రా,
కాలికింద ఊగేచోట కొయ్యి."

ఒక వరస కుడికి వాల్చి, పైవరస ఎడమకి,
జడ అల్లినట్టు పేర్చాం.
మేకు లేదు, సున్నం లేదు.
నడుమ మట్టి పోసి తొక్కాం,
ఆమె మనవడు థోర్కెల్, నేనూ, వానా.
మొన్నటిదాకా పడుకుని బతికిన నేల
ఇప్పుడు నిలబడి బతుకుతోంది.

కప్పు వాలు మీద రెండు రోజులు గొడవ.
మరీ నిట్రంగా ఉంటే ఎండకి నెర్రెలిస్తుంది,
మరీ చదునైతే మన పళ్ళెంలోకే కారుతుంది.
నేను కోణమాని తెచ్చాను.
ఆమె మోచేయి వంచి
"ఇంత" అంది.

జనవరిలో గాలి మూడు రాత్రులు తలుపు బాదింది.
లోపల దీపం వత్తి కదల్లేదు.
గోడకి చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు.
వేళ్ళు కలుసుకునేటప్పుడు చప్పుడు చెయ్యవు కాబోలు.

జూన్‌లో ఒక గొర్రె ఇంటి మీదికెక్కి
పొగగొట్టం దాకా కప్పుని మేసింది.
కర్ర తీసుకుని పరిగెత్తాను.
"ఉండనీ," అంది హాల్బెరా,
"ఈ ఏడు కొడవలి పని తప్పింది."