గులాబీ వచ్చేదాకా

డెవిల్స్ లేక్ ఒడ్డున నీళ్ళు పొద్దున్నే
గుడ్డు పెంకంత పల్చగా గడ్డకట్టాయి.
రాత్రికి ఇంకా బిగుస్తుందని రేడియో చెప్పింది.
ట్రెయిలర్ పక్కన ఆర్డెల్, నేను.
ఇద్దరం కలిసి కొన్నది. పంచుకోవడం కుదరక ఉండిపోయింది.
ఏడాదికొక పూట, అక్టోబరు చివర్లో,
మేం ఒకే తల్లి పిల్లలమని ఒప్పుకుంటాం.

హీటరు నిన్న రాత్రే ఆపేశాను.
తమ్ముడు అడగలేదు, ఊరికే చూశాడు.
రేకు మీద అరచెయ్యి ఆనించి చూపించాను: చల్లారింది.
ముందు పైన మీట ఎత్తి ఒత్తిడి వదిలి,
ఆ తర్వాతే కింద బిరడా.
ఆరు గ్యాలన్లు గడ్డి మీదికి దూకాయి,
ఎవరూ చెయ్యని స్నానాల వేసవి అంతా.
బైపాసు వాల్వు తిప్పాను.
మర్చిపోతే తెచ్చిందంతా ఆ హీటరే తాగేస్తుంది.

క్యాన్లు మూడు తెచ్చాను.
ఆర్డెల్ కళ్ళజోడు తుడుచుకుని
లేబుల్ చదువుతాడు, పైకి, కూడబలుక్కుంటూ,
ప్రొ, పి, లీన్.
"ఎథిలీన్ కాదు," అంటాడు గాలితో.
"ఆల్కహాలు కలపలేదు, అంటుకోదు," అంటాడు.
మూతలకి సీలుందో లేదో గోటితో గీరి చూస్తాడు.
అంతసేపూ నేను
బెంచీ ఎక్కించిన పిల్లాడిలా నిలబడతాను.

నాలుగేళ్ళ కిందట
పాత ఫోర్డు రేడియేటరు కింద పెట్టిన రేకు పళ్ళెం
గ్యారేజీలో మర్చిపోయింది నేను.
ఆకుపచ్చది. కార్లలో పోసేది.
అది తియ్యగా ఉంటుంది, అదే దాని పాపం.
చేదైతే ఏ నోరూ దాని జోలికి పోదు.
లెఫ్సా, వాడి కుక్క, శుభ్రంగా నాకి వచ్చి
పెరట్లో తాగుబోతులా తూలింది.
మేం నవ్వాం.
ఇద్దరం, పొట్టలు పట్టుకుని.
మూడో రోజుకి దాని మూత్రపిండాలు లేవు.
పళ్ళెం గురించి వాడు అరిచాడు, నేనూ అరిచాను.
ఆ నవ్వు గురించి మాత్రం
ఇవాళ్టిదాకా ఎవరం ఎత్తలేదు.

గొట్టం క్యానులో ముంచి కూర్చున్నాను.
పంపు గురక మొదలుపెట్టింది.
వాడు లోపల, సింకు దగ్గర.
"వచ్చిందా?"
"నీళ్ళే."
"ఇప్పుడో?"
"నీళ్ళే... ఆగు... గులాబీ."
వేడి కుళాయి కట్టెయ్, చన్నీళ్ళది తిప్పు.
"వచ్చిందా?"
"వచ్చింది."
షవరు. మరుగుదొడ్డి. స్నానాల గది కుళాయి.
ఏడాది మొత్తంలో మా మాటలివే,
గోడకి అటూ ఇటూ.
"బయట షవరు?" అన్నాడు.
నాకు గుర్తు లేదు.
ఎప్పుడూ మర్చిపోయిన చోటే కదా పగిలేది.
వెళ్ళి తిప్పాను. దగ్గింది, తుప్పుక్కున ఉమ్మింది,
చివరికి గులాబీ.

తూముల వంకీల్లో తలా ఒక కప్పు పోశాడు.
మిగిలింది క్యానులోనే ఉంచి
మూత బిగించి ఎత్తైన అరలో పెట్టాడు.
మెట్టు మీద నాలుగు చుక్కలు పడితే
మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాడు.
"ఇది అంత విషం కాదులే," అన్నాను.
"తెలుసు," అన్నాడు, తుడుస్తూనే.

వాడి ట్రక్కు అద్దం వెనక
పొద్దుట్నుంచీ రెండు చెవులు.
ఈ ఏడాది కొత్తవి. నేను అడగలేదు.

గుడ్డని సంచిలో కట్టేశాడు.
నేల ఒకసారి, మెట్టు ఒకసారి,
నన్ను ఒకసారి చూశాడు.
"చేతులు?"
ఒడ్డుకి వెళ్ళి మడమతో మంచు పగలగొట్టి
మోచేతులదాకా కడుక్కున్నాను. వేళ్ళు కొయ్యలయ్యాయి.
వెనక్కి తిరిగేసరికి
ట్రక్కు తలుపు తీసే ఉంది.