తడిగుడ్డ

చండూరు లైబ్రరీ వరండల
నల్లబోర్డు నా చేతికిందిది.
పైన ప్రశ్న, కింద జవాబు,
నడుమ నేను, తడిగుడ్డ పట్టుకోని.

రూల్స్ నేనే రాసి అతికిచ్చిన, పచ్చసిరాతోని.
అడిగినదానికే చెప్పాలె.
తెల్వకుంటె సుద్దముక్క కిందపెట్టాలె.
దండాలు, శాపాలు, పార్టీల పేర్లు వద్దు.
బోర్డు మూడు గజాలే, అడిగేటోళ్లు మస్తు మంది.

"నిమ్మచెట్టు ఆకు ముడుచుకుంటున్నది, ఏం కొట్టాలె?"
కింద ముత్తిలింగం రాసిండు: "నరికెయ్."
పొట్టి మాటే. నవ్వు గూడ వొచ్చింది.
కాని ఆ చెట్టుకు బిందెలతోని నీళ్లు మోసినోడు
రేపు పొద్దున ఇక్కడ నిలబడి చదువుతడు గదా.
తుడిచిన.
నిమ్మకాయల దలారి మౌలాన వొచ్చి రాసిండు:
"ఆకుముడత పురుగు. వేపనూనె. చిగురు మీదనే కొట్టు."
ఆరు మాటలు.
మూడు వారాలు ఉంచిన, చుట్టూ గీత గీసి.

మా నాయిన గుంతమగ్గంల కూసోని
చెయ్యి ఆపకుండనే జవాబు చెప్తుండె.
ఒక్క పోగంత మాట.
సన్నగుంటుండె, తెగకపోతుండె.
నాకు అదే కొలత.
"గంతే గద", "అందరికి తెల్సిందే", "ముందు నీ మొగం చూస్కో",
ఇవి పోగులు కావు, పీసులు.
నా గుడ్డకు మస్తు అంటినయి.

ఎండలు ముదిరినంక సక్రు రాసిండు, తండా నుంచి వొచ్చి,
ఒక్కొక్క అక్షరం గోడ కట్టినట్టు పేర్చుకుంట:
"బోరు నాలుగువందల ఫీట్లు పోయింది. దుమ్మే. ఇంక దింపాల్నా?"

ఎవరో పేరు లేకుండ: "వద్దు."
దానికింద: "నాదీ గంతే."
దానికింద: "నాదీ. గట్టుప్పల."
"మాది ఆరువందలు. గంతే. తేరట్‌పల్లి."
ఇది జవాబా?
అడిగింది దింపాల్నా వద్దా అని.
వీళ్లు చెప్పేది వాళ్ల గోస.
రూలు రూలే. తుడిచిన.
తెల్లారి మళ్ల అయిదు. తుడిచిన.
ఆ మర్నాడు బోర్డు అంచుదాక. తుడిచిన.
గుడ్డ పిండితె బకెట్ల నీళ్లు పాలలెక్క తెల్లగైనయి.

అయిదోనాడు సక్రు వొచ్చిండు.
చెప్పులు బయట ఇడిచి, బోర్డు ముంగట నిలబడ్డడు.
"వద్దు" ఒక్కటే ఉన్నది, దిక్కులేని పిట్టలెక్క.
"ఇంకెవ్వరు ఏమనలేదా సారూ?"
"అన్నరు. పనికొచ్చేటియి కావు."
"ఏమన్నరు?"
చెప్పిన. ఊర్ల పేర్లు గుర్తున్నకాడికి చెప్పిన.
వేళ్లు ముడుచుకుంట లెక్కపెట్టిండు,
రెండో చెయ్యి గూడ అయిపోయినంక
మెట్టు మీద కూలబడ్డడు.
"గంతమందా?
నా ఒక్కని భూమికే ఏదో తగిలిందనుకున్న."

జేబులకెళ్లి ఫోను తీసి అన్నడు:
"బండి పంపకు తమ్మీ. వద్దు."
అదే మాట. బోర్డు మీద అయిదు దినాలసంది ఉన్న మాటే.
కాని అది ఒంటిగ ఉన్నప్పుడు
ఆయన చెవుల పడలేదు.

అప్పటిసంది బోర్డుకు కుడిపక్క జాగ ఇడిచిన.
"నాదీ గంతే" అనేటోళ్లు అక్కడ
ఒక నిలువుగీత గీసి, ఊరి పేరు పెట్టి పోవాలె.
"నరికెయ్"లను ఇప్పటికీ తుడుస్త.
ముత్తిలింగం నాతోని మాట్లాడుతలేడు.

మొన్న బోర్డు మీద కొత్త ప్రశ్న,
ఎవరి చేతిరాతో పోల్చుకోలేకపోయిన:
"ఏది తుడవాల్నో, ఏది ఉంచాల్నో
గుడ్డ పట్టుకున్నాయనకు ఎట్ల తెలుస్తది?"

గుడ్డ తడిపిన. మళ్ల ఆరేసిన.
మూడు దినాలు దాని పక్కపొంటి పోయిన, చూడనట్టే.
నాలుగోనాడు లైబ్రరీ మూసేటప్పుడు
కింద రాసిన: "తెల్వది."
సుద్దముక్క కిందపెట్టిన.

పొద్దుగాల వొచ్చి చూస్తె
కుడిపక్క ఒక నిలువుగీత.
ఊరి పేరు లేదు.