తొమ్మిదో తరగతి బి, ఆరో పీరియడ్

మధ్యాహ్నం బువ్వ తిని వచ్చిన పిల్లోళ్ళ రెప్పల మీదికి
రేకుల కప్పు ఎండను దించుతా ఉంటుంది.
బళ్ళారి వైపు గూడ్సు ఒకటి
నా వాక్యాన్ని మధ్యకి తెంపి పోతుంది.
అది దాటేదాకా చాక్‌పీసు ఎత్తి పట్టుకుని నిలబడతాను.
పిల్లలు పెదాలు కదపకుండా పెట్టెలు లెక్కపెడతారు.
గుంతకల్లులో పాఠం ఎప్పుడూ
సిగ్నల్ ఇచ్చినప్పుడే కదులుతుంది.

"పొద్దున ఏం తిన్నారో ఇంగ్లీషులో చెప్పండి."

గాదిలింగ లేచాడు. ఇంట్లో కన్నడం,
వీధిలో తెలుగు, గైడులో ఇంగ్లీషు.
"ఐ హ్యావ్ టేకెన్ బ్రెడ్ అండ్ బటర్, మిస్."
వాడి చొక్కా రెండో గుండీ మీద
ఎండిపోయి ఉంది ఊరిబిండి.

రూప్లా నాయక్ లేచి, నిలబడి, కూర్చున్నాడు.
తండాలో బయల్దేరిన మాట
తెలుగు దగ్గర బండి మారి
ఇంగ్లీషు ప్లాట్‌ఫారం చేరేసరికి
నేను పక్క బెంచీకి పోయి ఉంటాను.

కిటికీ పక్కన షార్లీన్ రెబీరో.
తాత బొగ్గింజన్ తోలినోడు.
పాత క్వార్టర్ల వెనక అద్దె ఇంట్లో
తిట్లు ఇంగ్లీషు, ప్రార్థన ఇంగ్లీషు,
పాలవాడి బాకీ లెక్క కూడా ఇంగ్లీషే.
"ఉగ్గాని, మిస్. విత్ బజ్జీ."

తరగతి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.
ఇంగ్లీషు పుట్టిన ఇంట్లో ఉగ్గాని,
సంగటి ఇంట్లో బ్రెడ్డూ వెన్నా.

ఆ నవ్వు ఆరకముందే యూనిట్ టెస్టు పేపర్లు పంచాను.
గాదిలింగకు ఇరవై అయిదుకు ఇరవై ఒకటి.
షార్లీన్‌కు పద్నాలుగు.

"మై నానా, షీ డోంట్ హియర్ సో గుడ్" అని రాసింది.
నానా అంటే వాళ్ళింట్లో అవ్వ.
"డోంట్" కింద ఒక ఎర్రగీత, "గుడ్" కింద రెండు.
వినపడని ఆ ముసలామె గురించి
నేనేమీ రాయలేదు.
మార్జిన్‌లో చోటు లేక కాదు.

పేపరు పట్టుకుని వచ్చింది.
"తప్పెట్లయితాది మిస్?
మా ఇంట్లో అందరూ ఇట్లే కదా మాట్లాడేది?"
తెలుగులోనే అడిగింది,
నాకంటే చిక్కటి గుంతకల్లు తెలుగులో.

అప్పుడు నాకు పదమూడేండ్లు. ఉరవకొండ.
"మా యమ్మ శెనిక్కాయలు వలుస్తాండాది" అని
తెలుగు వ్యాసంలో రాసినాను.
ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన అయ్యవారు
దిద్ది ఇచ్చినాడు:
"మా అమ్మగారు వేరుశనగకాయలు ఒలుచుచున్నారు."

ఎవరా అమ్మగారు?
మా యమ్మకు బొటనవేలి గోర్లు లేవు, వలిచి వలిచి.
ఆ అమ్మగారికి ఉండే ఉంటాయి.
పది మార్కులకు నాలుగు.
పుట్టినప్పట్నుంచీ మాట్లాడిన భాషలో.
ఆ పొద్దు నేర్చుకున్నా, అమ్మను
అమ్మ లేకుండా రాయడం.
బాగా నేర్చుకున్నా. అందుకే కదా
ఈ ఎర్ర పెన్ను నా చేతికొచ్చింది.

షార్లీన్‌కు ఇదంతా చెప్పలేదు.
"పరీక్షలో డజంట్ అని రాయి మే,
ఆ పేపరు దిద్దేవాళ్ళు మీ నానాను చూడలేదు" అన్నాను.
మార్కు కలపలేదు. కలిపితే గాదిలింగకు ఏం చెప్పేది?
మార్జిన్‌లో పెన్సిల్‌తో మాత్రం
"ఎప్పట్నుంచి వినపడదు?" అని రాసినా, తెలుగులో.

ఆలోపల గాదిలింగ చెయ్యెత్తినాడు.
"మిస్, నేను తిన్నది సంగటి.
గైడులో దానికి ఇంగ్లీషు లేదు."
"నా దగ్గర కూడా లేదు రా," అన్నాను.
"సంగటి అంటే సంగటే, మ్యాన్" అంది షార్లీన్.

బోర్డు మీద ఎస్ అని రాసి ఆగినా.
తర్వాత ఏ ఒకటా, యూ ఒకటా?
చివర ఐ ఉండాలంది మస్తాన్‌బీ,
వై ఉంటే సోకుగా ఉంటుందన్నాడు ఎవడో.
రూప్లా నాయక్ లేచినాడు.
"డబుల్ టీ మిస్," అన్నాడు,
"గట్టిగా ఉంటది కదా."

ఇంకో గూడ్సు వస్తా ఉంది, ఈసారి గుత్తి వైపునుంచి.
చాక్‌పీసు ఎత్తి పట్టుకున్నా.