ఆరో విస్తరి

ఫైలు నిన్న రావులపాలెం బస్సులో వచ్చింది,
దానికో సీటు కూడా కొన్నారట.
నాలుగొందల పన్నెండు పేజీలు.
తీర్పు చెప్పడం నా పని కాదు,
ఇందులో తెలుగున్న చోటల్లా ఇంగ్లీషు చెయ్యడం.
పేజీకి నూట ఎనభై.

అయినా కాటా పట్టినవాడి కూతుర్ని.
అంబాజీపేట కొబ్బరి యార్డులో
మా నాన్న దంగేటి సూర్రావు ముప్పయ్యేళ్లు తూచాడు.
ముల్లు ఆగేదాకా మొహాలు చూడకే అనేవాడు.

చూడట్లేదు. అంకెలే చూస్తున్నాను.
ఫిబ్రవరి తొమ్మిది దాకా
ఫోనులో చదువుకునే నవల
ఒకరి దగ్గర నలభై తొమ్మిది, ఒకరి దగ్గర డెబ్భై అయిదు,
ఒకాయన మనవడు పుట్టాడని ఊరికే ఇచ్చేశాడు.
పదో తేదీ తెల్లారేసరికి
అయిదుగురు ప్రచురణకర్తలదీ నూట ఇరవై తొమ్మిదే.

వాళ్ల ప్లీడరు బాగా రాశాడు, ఒప్పుకోవాలి:
వరదొస్తే గౌతమీ పెరుగుతుంది, వసిష్ఠా పెరుగుతుంది,
రెండూ కూర్చుని మాట్లాడుకున్నాయా అని.

నిజమే గాని
మాఘమాసంలో వరదేమిటి?
వానలేని రోజుల్లో కాలవ మెట్టెక్కిందంటే
ఏదో లాకు దగ్గర
ఒకడి చేతులకి గ్రీజు అంటుకునే ఉంటుంది.

ఆ చేతుల కోసం పేజీలు తిప్పుతున్నాను.
"అన్నయ్యగారూ, అనుకున్నట్టేనా?"
"అనుకున్నట్టే."
ఇంతే ఉంది మెసేజీ.
ఒక్కడూ మంచం మీద పడుకుని అనుకున్నా అనుకోవడమే,
అయిదుగురూ తలుపేసుకుని అనుకున్నా అనుకోవడమే.
ఒక మాట రాస్తే వాళ్లు ఇంటికి,
ఇంకో మాట రాస్తే జరిమానాకి.

రెండు వందల పదో పేజీలో ఒకాయన అడుగుతాడు:
నలభై తొమ్మిదికి అమ్మితే
ప్రూఫులు దిద్దే వరహాలమ్మకి ఏం ఇవ్వమంటారు?
దాని వెనక పేజీలోనే
రాజోలు ఆసుపత్రి నర్సు రాసింది:
నైట్ డ్యూటీకి నెలకి మూడు కొనేదాన్ని,
ఇప్పుడు ఒకటి, అదీ ఆపి ఆపి చదువుతున్నాను.
ఇద్దరి బరువూ బరువే.

యార్డులో తువ్వాలు కింద వేళ్లు పట్టుకునేవారు.
తువ్వాలు తీసేసరికి అందరి నోటా ఒకటే రేటు.
రైతు తలూపి బస్తా మూతి విప్పేవాడు.
నాన్న తూకంలో ఏ రోజూ తేడా రాలేదు.
తువ్వాలు సంగతి ఏ రోజూ ఎత్తలేదు కూడా.

నూట ముప్పై ఏడు: పాలకొల్లు మెస్సు బిల్లు.
ఫిబ్రవరి ఆరు. విస్తరి భోజనాలు ఆరు.
పెరుగు అదనం రెండు.
ఉల్లి లేకుండా ఒకటి.

ప్రచురణకర్తలు అయిదుగురే.
పుస్తకాలమ్మే యాప్ మేనేజరు
ఆ రోజు హైదరాబాదు దాటలేదంటున్నాడు.
ఆయన ఉల్లి తినడని మూడొందల నాలుగో పేజీలో ఉంది.
ఉల్లి తిననివాళ్లు ఈ జిల్లాలో వేలమంది.

"అనుకున్నట్టే"ని తెలుగులోనే ఉంచి
కింద పెన్సిల్‌తో రెండర్థాలూ రాశాను.
ఎవరో ఒకరు మొహాలు చూడకుండా చదవాలి.
బిల్లు మాత్రం ఉన్నదున్నట్టు దింపాను,
పెరుగుతో సహా.

పేజీకి నూట ఎనభై.
ఆరో విస్తరికి వేరే రేటు లేదు.