రెండు రియాళ్ల ఊరు

విమానం రాత్రి పదకొండుకు.
పొద్దున్నే గేటు దాటేశాను,
మేడమ్ కొడుకు పారేసిన బడిసంచి వీపున.
సంచి మీద వెలిసిపోయిన పులి, దానికి ఒక్కటే కన్ను.

ఏడేళ్లున్నాను మస్కట్‌లో.
మస్కట్ అంటే వంటింటి కిటికీ,
ఎదురింటి ఏసీ డబ్బా, దాని కింద తడి మరక.

రూవిలో ఎర్ర బస్సెక్కాను.
ఎక్కడికని డ్రైవరు కనుబొమ్మ ఎగరేస్తే
చేత్తో అలలు చూపించాను.

మత్రాలో వంద బైసలకు కరక్ చాయ్.
కోట టికెట్టు ధర విని
బయట మెట్ల మీదే కూర్చుని
కోటంతా నాదే అన్నట్టు రాత్రి మిగిలిన చపాతీ తిన్నాను.

నాకన్నా పెద్ద మూట మోస్తున్న తెల్లపిల్లొకతి
మ్యాపు విప్పి దారి అడిగింది, నన్ను!
సాంబ్రాణి పొగల సందుల్లో
ఇద్దరం కాసేపు తప్పిపోయాం.

అత్తరు కొట్టు ముసలాయన
నా మణికట్టు మీద ఊరికే ఓ చుక్క రాసి అడిగాడు,
మస్కట్‌కు ఎప్పుడొచ్చావని.
నాకొచ్చిన అరబ్బీ అంతా
ఉప్పు, ఇస్త్రీ, తొందరగా, సరే.
అడుగున వెతికి ఒక మాట పైకి తీశాను:
"అల్‌యౌమ్."
ఇవాళే.

కొంగుముడిలో ఇంకా మూడొందల బైసలు.
ఎయిర్‌పోర్టు బస్సుకు చాలవు.
కొంత దూరం నడుస్తా,
తర్వాత సంగతి తర్వాత.