రెండు గురివిందల ఎత్తు

కురుపాం మార్కెట్లో మా కొట్టు
మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత.
ముందు బల్ల దగ్గర నూకరత్నం,
వెనక కుంపటి దగ్గర నేను,
ముప్పై రెండేళ్లుగా.

ఎవరైనా పాత కాసు తెస్తే
నేను గీటురాయి వెతికేలోపు
ఆవిడ దాన్ని గాజుపలక మీద పడేసి
ఎడమ చెవి వంచి వింటుంది.
"రాగి ఎక్కువైంది" అంటుంది.
గీసి చూస్తే ఎక్కువే.

ఆ చెవిలోనే
మొన్న కార్తీకం నుంచీ
ఓ కీచురాయి కాపరం పెట్టింది.
ఫోను కుడిచెవికి మార్చింది, నాకు చెప్పలేదు.
మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది, చెప్పలేదు.
పూర్ణా మార్కెట్లో కొత్తిమీర బేరమాడుతూ
తూలి నిమ్మకాయల బుట్ట మీద పడ్డాక
ఇక చెప్పక తప్పలేదు.

ఆరిలోవ వైపు ఆసుపత్రిలో
డాక్టర్ ప్రణీత తెర మీద చూపించింది,
బూడిదరంగు మడతల మధ్య
చెవి నరాన్ని ఆనుకుని ఓ తెల్లటి పూస.
"పద్నాలుగు మిల్లీమీటర్లు. క్యాన్సర్ కాదు."
నాకు మిల్లీమీటర్లు కొత్త కాదు.
మనసులోనే రెండు గురివింద గింజలు
పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

కోసి తీయొచ్చు అంది.
కోయకుండా కిరణాలతో పెరగనీయకుండా ఆపొచ్చు అంది.
అందులోనూ రెండు దారులు.
తలకి నాలుగు మరలతో చట్రం బిగించి
ఒక్క రోజులో, ఒక్క విడతలో. దానికి హైదరాబాదు పోవాలి.
లేదా వలలాంటి ముసుగు వేసి
ఇక్కడే, ఐదు రోజులు, కొంచెం కొంచెంగా.
అదీ వద్దనుకుంటే ఆర్నెల్లకోసారి స్కాన్ తీసి
కనిపెట్టుకుని ఉండటం.
"వినికిడి?" అంది నూకరత్నం.
"సగం సగం. ఏ దారిలోనైనా మాట ఇవ్వలేను.
ఈ రెండింటికీ తేడా అంటే, దగ్గర దగ్గరే."
బయటికొచ్చాక మా ఆవిడ అంది,
"మాట ఇవ్వనంది చూశావా, ఈవిడ నయం."

నేను మంట గురించి ఆలోచిస్తున్నాను.
ఊదుగొట్టం పళ్ల మధ్య బిగించి
దీపం నాలుకని సూదిలా సాగదీసి
అతుకు మీద మాత్రమే ఆనించాలి.
పక్కనే పగడం ఉంటుంది,
సెగ తగిలితే తెల్లబోతుంది.
కాల్చడం మా నాన్న ఒక్క పూటలో నేర్పాడు.
పక్కది కాలకుండా చూడటం రావడానికి
నాకు తొమ్మిదేళ్లు పట్టింది,
ఎవరివో రెండు జతల దుద్దులు పట్టాయి.
అక్కడేమో సన్నటి కిరణాలు
అన్ని వైపుల నుంచీ వస్తాయట.
దేనికది వెచ్చన కూడా తెలీదట.
కలిసిన చోటే పని.
ఎంత నిదానంగా ఊదాలో అది!

రాత్రి షట్టరు సగం దించి త్రాసు తీశాను.
ఒక పళ్లెంలో హైదరాబాదు రైలు, లాడ్జి,
బావమరిది ఇంట్లో మొహమాటం.
ఇంకో దాంట్లో ఐదు రోజుల ఆటో,
హనుమంతవాక దగ్గర ట్రాఫిక్.
ఏవేవో చదివిన మేనల్లుడు ఒకటంటాడు,
చట్రం వేయించుకొచ్చిన గాజువాక ఆయన
నుదుటి మీద చుక్కలు చూపించి ఇంకొకటంటాడు.
ముల్లు ఎటూ పోదు, వణుకుతుంది.
పళ్లేలు రెండూ ఖాళీయే మరి.

నూకరత్నం మురీ మిక్సర్ పొట్లం విప్పుతూ
"ఏటి తూస్తన్నావు?" అంది.
చెప్పాను.
"ఒక ముక్కుపుడకకి మూడ్రోజులు తీసుకుంటావు.
తొందరపెట్టినోళ్లని వెనక్కి పంపేస్తావు.
నా తలకాయని ఒక్కరోజులో తెమిల్చేస్తారా?
ఐదు రోజులు. ఇక్కడే.
మధ్యాన్నానికొచ్చి కొట్టు తీస్తాను."
ఇది వైద్యమేం కాదు. డాక్టరమ్మ వింటే నవ్వుతుందేమో.
నవ్వినా కాదనదనిపించింది.

తర్వాత ఆవిడ కళ్లు మూసుకుని
కుడిచెవిని అరచేత్తో గట్టిగా అదిమి
"వెయ్యి" అంది.

గాజుపలక మీద కాసు పడేశాను.
సరిగ్గా అప్పుడే రేవులో
ఏదో ఓడ పొడుగ్గా కూత పెట్టింది.
ఆవిడ కళ్లు తెరవలేదు.
"ఇది లెక్కలోకి రాదు" అంది.
"మళ్లీ వెయ్యి."